పూలమొక్కల ఎరువు, మూడు కిలోలు

కిందటి వారం కథలో మా అత్తయ్యను రేవు తనిఖీ ఆఫీసు మెట్ల మీద నిలబెట్టి వదిలేశాను. పాపం, ముసలావిడ వారం రోజులుగా అక్కడే ఉంది. లోపలికి తీసుకెళ్ళే ముందు, మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పేస్తాను. మొదటినుంచీ వింటున్నవాళ్ళు కాస్త ఓపిక పట్టండి.

నా పేరు ప్యో మిరాన్. ఈ రేవులో జనం తెప్పించుకునే సరుకులకి కస్టమ్స్ కాగితాలు నింపిపెట్టే ఆఫీసులో పంతొమ్మిదేళ్ళుగా పనిచేస్తున్నాను. మా అత్తయ్య ఒక్‌బున్‌కి డెబ్భై తొమ్మిది. ఆవిడ ఐదేళ్ళ పిల్లగా ఉన్నప్పుడు, బొగ్గుగనులకి తోలుకుపోయిన తండ్రి సెలవు మీద వచ్చి, ఆవిడనీ రెండేళ్ళ తమ్ముడు గాప్‌సిక్‌నీ సఖాలిన్ దీవికి తీసుకెళ్ళాడు. తల్లి జ్వరంతో ఉంది. తర్వాతి పడవకి వస్తానంది. తర్వాతి పడవ లేనే లేదు. యుద్ధం ముగిసింది, దీవి రష్యావాళ్ళ చేతికి పోయింది, సముద్రం మూసేశారు. అత్తయ్య అరవై రెండో ఏట తిరిగొచ్చేసరికి కొండవాలులో తల్లి మట్టిదిబ్బ మాత్రం మిగిలింది.

ఫిబ్రవరిలో ఒకరోజు అత్తయ్య ఫోను పెట్టేసి, తమ్ముడు పోయాడని చెప్పింది. వ్లాదివోస్తోక్ ఆసుపత్రిలో పోయాడట, అక్కడే దహనం చేశారట. అమ్మ కాళ్ళ దగ్గర పెట్టమన్నాడట. అంతే చెప్పింది, గోడవైపు తిరిగి పడుకుంది. తమ్ముడి పెళ్ళాం వాల్యా ఆ బూడిదని బిస్కెట్ల డబ్బాలో పోసి, వారానికోసారి వచ్చే పడవలో మూటల వ్యాపారుల చేతికిచ్చి పంపింది. ఎల్లుండి సమాధులు బాగుచేసుకునే పండగ, హన్‌సిక్. సమాధి పక్కన పలుగు వెయ్యడానికి మంచీ చెడూ చూడక్కర్లేని రోజు అదొక్కటే. ఆ రోజు దాటితే మళ్ళీ ఏడాది. అత్తయ్య గుండెకి డాక్టరు ఏడాది గడువు ఇవ్వలేదు.

ఇంతవరకూ బాగానే ఉంది. అయితే వాల్యా ఆ డబ్బా మీద అతికించిన చీటీలో ఏం రాసిందో తెలుసా? 'పూలమొక్కల ఎరువు, ఎముకల పొడి, మూడు కిలోలు.'

రాసి మమ్మల్ని ముంచింది. జంతువుల ఎముకలు పరాయి దేశం నుంచి రాకూడదు. పశువుల రోగాలొస్తాయని నిషేధం. డబ్బా పన్నెండు రోజులుగా తనిఖీ ఆఫీసులో పడుంది. గురువారం సాయంత్రం నాలుగింటికి, పట్టుబడ్డ మాంసంతో, కుళ్ళిన పళ్ళతో కలిపి కొలిమిలో వేసి కాల్చేస్తామని నోటీసు వచ్చింది. ఇవాళ గురువారం.

వాల్యాని తిట్టి లాభం లేదు. ఆ దీవివాళ్ళందరికీ అదే అలవాటు. సర్కారు కాగితం మీద నిజం రాయరు. అక్కడ చుట్టాలెక్కడున్నారో రాసినవాళ్ళూ, సొంతూరు వెళ్ళాలనుందని రాసినవాళ్ళూ తెల్లారేసరికి కనపడేవాళ్ళు కాదట. మా అత్తయ్యకి ఇక్కడికొచ్చి పదిహేడేళ్ళయినా ఆ భయం పోలేదు. జనాభా లెక్కలాయన వస్తే, కుట్టుమిషనుని స్నానాలగదిలోకి తోసి, మీద తడిదుప్పటి కప్పి, "మా ఇంట్లో ఏమీ లేదు నాయనా" అంది. ఆయన అడిగింది ఇంట్లో ఎంతమంది ఉంటారని.

సరే, ఇక లోపలికి పదండి.

తనిఖీ అధికారి బ్యోన్ గారు నాకు కొత్త కాదు. యాభై దాటిన మనిషి. లంచం తీసుకోడు, జాలి కూడా పడడు. ఆయన గదిలో గోడ గడియారం మూడుంబావు చూపిస్తోంది. బల్ల మీద స్టీలు పళ్ళెం, అందులో మూతి కట్టిన ప్లాస్టిక్ సంచీ, సంచీలో బూడిద. పక్కన గులాబీల బొమ్మ ఉన్న బిస్కెట్ల డబ్బా, మూతని కత్తితో గుండ్రంగా కోసేసి ఉంది. వాల్యా ఆ డబ్బాకి తెల్లగుడ్డ తొడిగి చుట్టూ చేత్తో కుట్టింది. ఆ గుడ్డని నిలువునా చీల్చి కుర్చీ వెనక వేలాడేశారు. అత్తయ్య సంచీని చూడలేదు. ఆ గుడ్డనే చూస్తూ నిలబడింది.

"కూర్చోండి మామ్మగారూ" అన్నాడు బ్యోన్ గారు. "ఇదేమిటో మీ నోటితో చెప్పండి. మీ కోడలు రాసిన అర్జీ చదివాను. మీరు చెప్పాలి."

"పూలమొక్కల ఎరువు బాబూ" అంది అత్తయ్య, టక్కున.

నాకు ఒళ్ళు మండిపోయింది. పొద్దుటినుంచీ పదిసార్లు చెప్పించాను. బస్సులో చెప్పించాను, మెట్ల మీద చెప్పించాను. 'మనిషి బూడిద, మా తమ్ముడు' అనాలి, అంతే. బల్ల కింద ఆవిడ మోకాలు నొక్కాను.

"అత్తయ్యా!"

"ఎరువే. తీగ గులాబీలకి వేస్తారు. మా వాల్యాకి గులాబీలంటే ఇష్టం."

"ఎరువైతే నాలుగింటికి కొలిమిలోకి పోతుంది" అన్నాడాయన. "మీకు అభ్యంతరం లేదని సంతకం పెట్టి వెళ్ళండి. నా పని సులువవుతుంది."

"బ్యోన్ గారూ, ఆవిడ భయపడుతోందండీ" అన్నాను. "పన్నెండు రోజుల క్రితమే మీకు చెప్పాను కదా. ఒక్క రోజులో తేలే పనికి ఇన్నాళ్ళు ఆపారు. ల్యాబుకి పంపామన్నారు. ఏం తేలింది ల్యాబులో?"

"ఎముకే. బాగా కాలింది. ఏ ప్రాణిదో చెప్పలేమన్నారు."

"ఎంత పంపారు?"

"రెండు వందల గ్రాములు."

నాకీ పనిలో ఒక దుర్గుణం అబ్బింది, బరువు చీటీ కనపడితే చదవకుండా ఉండలేను. సంచీకి కట్టిన చీటీ మీద రెండు కిలోల ఆరువందలని ఉంది. "మూడు కిలోల్లో రెండు వందలు పోతే రెండు కిలోల ఎనిమిదివందలుండాలి. మిగతాది ఏదండీ?"

ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "మూత కోసేటప్పుడు కొంచెం ఒలికింది. ఊడ్చేశారు."

"ఊడ్చి ఎక్కడ వేశారు?"

ఆయన కళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకున్నాడు.

"ఎక్కడ వేశారు బాబూ?" ఈసారి అడిగింది అత్తయ్య. గొంతు చాలా చిన్నగా ఉంది.

"ఊడ్చింది ఎక్కడ వేస్తారు మామ్మగారూ? చెత్తబుట్టలోనే." ఆయన మొహం ఎర్రబడింది. "చీటీ మీద ఎరువని ఉంది. మావాళ్ళకేం తెలుసు? మీరే ఎరువని రాస్తిరి, మీరే ఇప్పుడు కూడా ఎరువంటిరి."

అత్తయ్య రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుంది. కుడిచేతి చూపుడువేలు ఎడంచేతి వేళ్ళని ఒక్కొక్కటే తడుముతోంది, లెక్క సరిపోయిందో లేదో చూసుకుంటున్నట్టు. నేను ఆవిడ ఇంట్లో కాపురానికొచ్చి పదహారేళ్ళు. అంత భయపడటం ఎప్పుడూ చూడలేదు. ఆవిడకి నిజం చెప్పాలంటేనే అంత భయం అని అప్పుడర్థమైంది. నామీద నాకే కోపమొచ్చింది, మోకాలు నొక్కినందుకు.

"మనిషి" అంది చివరికి.

"గట్టిగా చెప్పండి."

"ఎరువు కాదు. మనిషి. మా మనిషి."

బ్యోన్ గారు లేచి నిలబడ్డాడు. ఎందుకు లేచాడో నాకు వెంటనే తెలియలేదు. చొక్కా పైబొత్తం పెట్టుకుని, పళ్ళాన్ని రెండు చేతులతో తన వైపు నుంచి ఆవిడ వైపు జరిపి, మళ్ళీ కూర్చున్నాడు. చెడ్డవాడని ఇన్నాళ్ళు తిట్టుకున్నాను. ఇప్పుడు తిట్టడానికి కూడా కుదరకుండా చేశాడు మహానుభావుడు.

"మనిషి అస్థికలైతే నాకు అధికారం లేదు. నేను చూసేది పశువుల రోగాలు" అన్నాడు. "కానీ దహనం చేసిన పత్రం ఉండాలి. అవతల మన కాన్సులేటు ముద్ర ఉండాలి. ఏవీ?"

"పోయాయండీ" అన్నాను. అత్తయ్య నాతో అలాగే చెప్పింది. వాల్యా కాగితాలు ఎక్కడో పారేసుకుందని.

"పత్రం లేదు, ముద్ర లేదు, చీటీ అబద్ధం. సరే. మరి దీని సంగతేమిటి?"

సొరుగులోంచి ఒక కవరు తీశాడు. "అసలు డబ్బా ఆపింది చీటీ చూసి కాదు. ఎక్స్‌రేలో ఇది కనపడింది. ఎరువులో ఇనుమేమిటని అనుమానమొచ్చి తెరిచాం. దొంగసరుకు అనుకున్నాం."

కవరు బోర్లించాడు. బల్ల మీద ఒక లోహపు పట్టీ పడింది. జానెడు పొడవు, వేలెడు వెడల్పు. వరసగా ఏడు చిల్లులు, మూడింట్లో మరలు ఇంకా బిగుసుకునే ఉన్నాయి. కాలి నల్లబడింది. ఒక చివర రష్యన్ అక్షరాలూ అంకెలూ.

"మా డాక్టరుకి చూపించాను" అన్నాడు. "విరిగిన తొడ ఎముకకి బిగిస్తారట. పశువులకి వెయ్యరు. మామ్మగారూ, మిమ్మల్ని కాపాడేదేదైనా ఉంటే ఇదే. మీ తమ్ముడికి తొడ విరిగిందా?"

ఇక్కడ నేను కొంచెం ఆగి మా ఇంటి సంగతి ఒకటి చెప్పాలి.

మా ఆయన యోంగ్‌దో సఖాలిన్‌లోనే పుట్టాడు. ఇరవై రెండేళ్ళప్పుడు ఇక్కడికి కూలికని వచ్చి కణవ చేపలు పట్టే పడవలో చేరాడు. వాళ్ళ నాన్న హన్ చాంగ్‌హో, అంటే మా మామగారు, మా ఆయనకి ఎనిమిదేళ్ళప్పుడు గని కూలి పోయాడు. శవం దొరకలేదు. ఏటా నవంబరులో తద్దినం పెడతాం. నేను చేపముక్కలు పిండిలో ముంచి వేయించి వేయించి మొహానికి ఆవిరి పట్టించుకుంటాను. మా ఆయన మూడో గిన్నె సోజు సారా దిగాక ఏటా ఒకే మాట చెబుతాడు. నాన్న గురించి ఆయనకి గుర్తున్నది అదొక్కటే. నాన్న ఎడమ తొడ మీద చర్మం కింద గట్టిగా ఏదో తగిలేదట. ఇదేంటి నాన్నా అంటే, "డాక్టరు తలుపు గడియ బిగించాడురా, నేను మిమ్మల్నొదిలి పారిపోకుండా" అనేవాడట. చలికాలం వస్తోందని అందరికంటే ముందు ఆ గడియకే తెలుస్తుందనేవాడట. చెప్పి ఏడుస్తాడు. నేను గిన్నెలు తీసుకుని వంటింట్లోకి పోతాను.

అందుకని, ఆ పట్టీ బల్ల మీద పడగానే నాకు ఆ గడియ గుర్తొచ్చింది. గాప్‌సిక్‌కి తొడ విరగలేదు. ఆయన ఫొటోలు బోలెడున్నాయి మా ఇంట్లో. మంచులో జారే చెక్కలు కాళ్ళకి కట్టుకుని నిలబడి, డెబ్భై ఏళ్ళకి కూడా కుర్రాడిలా.

అత్తయ్యకేసి చూశాను. కళ్ళు తిరిగి పడిపోతుందేమో, పట్టుకోవాలని చెయ్యి చాచాను.

ఆవిడ పడిపోలేదు. ఆశ్చర్యపోనైనా లేదు. ముందుకు వంగి, ఆ పట్టీని తీసుకుని, రెండు అరచేతుల మధ్య పెట్టి మెల్లిగా రుద్దింది.

"చల్లగా అయిపోయింది" అంది. "నవంబరొస్తే రాత్రంతా ఇలాగే రుద్దమనేవాడు."

బ్యోన్ గారికి అర్థం కాలేదు. నాకు అయింది. ఆవిడకి ఇవాళ తెలిసింది కాదు. ఫిబ్రవరి నుంచీ తెలుసు. ఇంకా ముందునుంచీ తెలుసు.

బల్ల మీద ఫోను మోగింది. కొలిమి బండి గేటు దగ్గరికొచ్చిందట. "పది నిమిషాలు ఆగమనండి, నేనొస్తున్నా" అని పెట్టేసి, ఆయన ఒక కాగితం తీసి మా ముందు పెట్టాడు.

"వినండి. ఈ పట్టీ మనిషిదేనని నేను రాస్తాను. నా వంతు సాయం అంతవరకే. ఈ కాగితం మీద పోయినవారి పేరు, మీకేమవుతారు, ఎప్పుడు పోయారు, ఈ మూడూ రాసి సంతకం పెట్టండి. పెట్టగానే బండి వెనక్కి పంపేస్తాను, ఈయన్ని ఇవాళే తీసుకెళ్ళండి. కానీ ఆ పేరుని ఇక్కడి రికార్డుల్లోనూ అక్కడి రికార్డుల్లోనూ సరిచూస్తారు. ఒకసారి అబద్ధం రాశారు, వదిలేస్తున్నాను. రెండోసారి రాస్తే వదలడానికి నేనెవర్నీ కాను. అస్థికలు వెనక్కి లాక్కుంటారు, కేసు పెడతారు. మీ మీద, అర్జీ రాసిన మీ కోడలి మీద కూడా."

తలుపు దగ్గరగా వేసి వెళ్ళాడు.

గదిలో మేమిద్దరం, పళ్ళెం, గడియారం. మూడు ముప్ఫై అయిదు.

"ఎవరిది అత్తయ్యా ఇది?" అన్నాను. నా గొంతు నాకే కర్కశంగా వినపడింది.

"తెలిసి అడుగుతావెందుకే అమ్మాయ్."

"గాప్‌సిక్ మావయ్యో?"

"ఉన్నాడు. బాగానే ఉన్నాడు. ఫోను ఎత్తొద్దని నేనే చెప్పాను."

ఒక్క క్షణం చెయ్యెత్తి కొట్టాలనిపించింది, ఆ దేవుడు నన్ను క్షమించుగాక. బతికున్న మనిషి చావుకి మా ఆయన పడవలో నల్లగుడ్డ కట్టుకుని తిరిగాడు. బతికున్న మనిషి పేరు పెట్టి నేను నా చేత్తో అర్జీ రాశాను, మా ఆఫీసు ముద్ర వేసి. పంతొమ్మిదేళ్ళ నా ఉద్యోగం ఆ ముద్ర మీద ఆధారపడి ఉంది.

"పదహారేళ్ళు తద్దినం పెట్టాను అత్తయ్యా! బతికున్న మనిషికి! వేయించి వేయించి చచ్చాను! మీరు పక్కన కూర్చుని ఉప్పు తక్కువైందనేవారు!"

"తక్కువే అయ్యేది" అంది.

ఏడవాలో నవ్వాలో తెలియక గోడకేసి చూశాను. ఆవిడే మొదలుపెట్టింది, పట్టీని రుద్దుతూనే.

"ఎనభై నాలుగులో మా ఆయన కాగితం రాశాడే. మా ఊరు వెళ్ళాలనుంది, మా దేశం పంపించండి అని. నేను వద్దన్నాను. కాళ్ళు పట్టుకున్నాను. నిజమే కదా రాస్తున్నాను, నిజానికి భయమేంటి అన్నాడు. రెండో రోజు తీసుకుపోయారు. తీసుకుపోయినవాడి కొడుకంటే బడిలో ఉంచరు. అందుకని గనిలో పోయాడని చెప్పాను. గని మేస్త్రీ మంచివాడు, ఆ రోజు కూలిన గనిలో ఈయన పేరు కూడా రాశాడు. పిల్లాడికి చెప్పాను, ఊరికి చెప్పాను. చెప్పగా చెప్పగా నాకే నిజమైంది. తొమ్మిదేళ్ళకి తిరిగొచ్చాడు. అర్ధరాత్రి కాదు, దొంగలా కాదు, పట్టపగలు రొట్టెల లైన్లో నా వెనక నిలబడ్డాడు. తిరిగి చూశాను. పళ్ళు లేవు."

"మరి అప్పుడైనా..."

"కాగితాల్లో చచ్చిపోయాడే పిచ్చిదానా. చచ్చినవాణ్ణి బతికించాలంటే, చచ్చాడని రాసిన మేస్త్రీ, నేనూ లోపలికి పోవాలి. ఉత్తరాన గాప్‌సిక్ ఊళ్ళో ఉంటానన్నాడు. పిల్లాడికి చెప్పొద్దన్నాడు. చెబితే వాడు ఎక్కడో ఒక కాగితం మీద రాసేస్తాడని భయం. వాడూ వాళ్ళ నాన్నలాంటి వెర్రిబాగులవాడే. తర్వాత ఇక్కడికి వచ్చేవాళ్ళ జాబితా వేశారు. భర్త అన్న చోట ఏం రాయను అని అడిగాను. 'చచ్చినవాడిగానే ఉంచి నువ్వెళ్ళు, మీ అమ్మ దిబ్బ దగ్గరికి ఒకరైనా వెళ్ళాలి కదా' అన్నాడు. విధవ అని రాశాను. ఆ రాతతోనే నాకీ దేశం ఇల్లిచ్చింది, గుర్తింపు కార్డిచ్చింది."

నా కోపం ఎక్కడికి పోయిందో తెలియదు. కుర్చీ ఆవిడ దగ్గరికి జరుపుకున్నాను.

"ఈ ఇనుము తీసేసి పంపితే డబ్బా ఆగేది కాదు కదా అత్తయ్యా. ఎక్స్‌రేలో ఏమీ కనపడేది కాదు."

"వాల్యా తీసేస్తానంది. నేనే ఒప్పుకోలేదు. అది లేకపోతే ఆయనేనని నాకెలా తెలుస్తుంది? కాగితం మీద ఏదైనా రాస్తారు." పట్టీని ఒళ్ళో పెట్టుకుని కొంగుతో తుడిచింది. "పదిహేడేళ్ళు. గొంతు కూడా వినలేదు. ఫోను చేస్తే ఎవరైనా వింటారని చెయ్యలేదు. ఆయనకి ఒక్కటే కావాలే. ఇక్కడి మట్టి. అడిగినందుకే కదా అంత పడ్డాడు."

కాగితం మా మధ్య తెల్లగా పడుంది. నేను నా వృత్తిలో వెయ్యి కాగితాలు నింపాను. ఎలాంటి చిక్కు సరుకుకైనా ఒక దారి కనిపెట్టి దాటించేదాన్ని. దీనికి దారి కనపడలేదు. తమ్ముడి పేరు, చా గాప్‌సిక్ అని రాస్తే, అక్కడ నెలనెలా పింఛను తీసుకుంటున్న మనిషి. రేపే దొరికిపోతాం. హన్ చాంగ్‌హో, భర్త, ఈ ఫిబ్రవరి అని రాస్తే, ముప్ఫై మూడేళ్ళ క్రితం పోయినవాడు మళ్ళీ ఎలా పోయాడంటారు. ఆవిడ విధవ కాగితం తిరగేస్తారు, ఆ కార్డు తిరగేస్తారు. ఏమీ రాయకపోతే గేటు దగ్గర బండి ఉంది.

"నన్ను మళ్ళీ పడవెక్కిస్తారా?" అని అడిగింది అత్తయ్య, బజారుకెళ్ళాలా అన్నంత మామూలుగా.

"తెలియదు అత్తయ్యా."

"యోంగ్‌దోకి తెలుస్తుందా?"

ఇది మాత్రం మామూలుగా అడగలేదు. ఆవిడ భయం కొలిమి కాదు, కేసు కాదు, పడవ కాదు. ఇదీ అసలు భయం. తండ్రి లేడని చిన్నప్పుడు తిండి మానేసిన పిల్లాడు. ఇప్పుడు నలభై ఒకటి. తండ్రి ఉన్నాడని తెలిస్తే ఈదుకుంటూనైనా వెళ్ళి ఉండేవాడు. ఇన్నేళ్ళలో ఎప్పుడైనా వెళ్ళి ఉండొచ్చు. ఫిబ్రవరిలో కూడా. అప్పుడు ఆసుపత్రిలో ఇరవై రోజులున్నాడట.

బ్యోన్ గారు తిరిగొచ్చాడు. చేతిలో రెండు కాగితం గ్లాసుల్లో బార్లీ టీ. ఒకటి అత్తయ్య ముందు పెట్టాడు. గడియారం చూశాడు. మూడు నలభై ఎనిమిది.

"రాశారా?"

అత్తయ్య కలం తీసుకుంది. పట్టుకోవడం చూస్తే రాయడం కొత్తగా నేర్చుకుంటున్నట్టుంది. కాగితం మీద 'పోయినవారి పేరు' అన్న గడి దగ్గర మొన ఆనించింది. సిరా చుక్క దిగి, చిన్నగా వెడల్పవుతోంది.

"అమ్మాయ్" అంది తలెత్తకుండా. "నిజం రాసినవాళ్ళని ఇక్కడ ఏం చేస్తారు?"

నేను జవాబు చెప్పేలోపు మెట్ల మీద రబ్బరు బూట్ల చప్పుడు వినపడింది. బరువైన అడుగులు, రెండేసి మెట్లు. ఆ చప్పుడు పదహారేళ్ళుగా నాకు తెలుసు. మూడింటికి పడవ చేరుతుందని పొద్దున ఫోను చేశాడు. "మావయ్యని నేనే మోసుకొస్తాను, అమ్మని మొయ్యనివ్వకు" అన్నాడు. నేనే మర్చిపోయాను.

"అత్తయ్యా, అది లోపల పెట్టండి" అన్నాను. ఆవిడ విన్నదో లేదో, పట్టీ ఒళ్ళోంచి తీసి, ఎక్కడ దాచాలో తెలియక, పళ్ళెంలో బూడిద సంచీ పక్కనే పెట్టేసింది.

తలుపు తోసుకుని మా ఆయన లోపలికొచ్చాడు. ఉప్పునీళ్ళ వాసన, చేతికి నల్లగుడ్డ. బ్యోన్ గారికి నడుం వంచి నమస్కారం పెట్టాడు. తర్వాత పళ్ళెం ముందు మోకాళ్ళ మీద కూర్చుని, నేలకి తల ఆనించి, రెండుసార్లు మొక్కాడు.

"వచ్చేశావా మావయ్యా. పద, ఇంటికి పోదాం" అన్నాడు, ఏడుపు ఆపుకుంటూ.

సంచీ ఎత్తుకోబోయి ఆగాడు. పట్టీ కనపడింది. తీసుకుని అటూ ఇటూ తిప్పాడు. మర తలల మీద బొటనవేలు పెట్టి, ఒకటీ, రెండూ, మూడూ అని వరసగా జరిపాడు. చిన్నపిల్లాడు చీకట్లో తడిమి గుర్తుపట్టినట్టు, కళ్ళు మూసుకుని ఇంకోసారి జరిపాడు.

కళ్ళు తెరిచి వాళ్ళమ్మని చూశాడు. ఆవిడ చేతిలో కలం, కాగితం మీద సిరా మచ్చ.

"అమ్మా, ఇది నాన్న తలుపు గడియ" అన్నాడు. "మావయ్య బూడిదలోకి ఎలా వచ్చింది?"